మునిమాపు బేరం

దుకాణంలో ట్యూబులైటు కింద
ఏ దుర్భిణి అయినా గొప్పగానే కనిపిస్తుంది.
అందుకే హెల్దుర్‌కి కాఫీ పోసి కూర్చోబెట్టాను,
నాలుగు దాటేదాకా ఆగమన్నాను.
నవంబరులో మా ఎస్తోనియా మీదుగా సూర్యుడు
అప్పిచ్చినవాడి ఇంటి ముందు నుంచి పోయేవాడిలా
తల వంచుకుని గబగబా వెళ్ళిపోతాడు.

హెల్దుర్‌కి అరవై ఎనిమిది.
ఆలుగడ్డల చేను అడవిపందులు దున్నేశాయట,
ఊళ్ళోవాళ్ళు మళ్ళీ అతన్నే మంచె ఎక్కమన్నారట.
జేబులో కవరు, కవరులో పదిహేడు వందల యూరోలు,
రబ్బరుబ్యాండు రెండు చుట్లు.
"పెద్దది ఇయ్యి సిల్వీ, యాభై ఆరుది.
చీకటిని పట్టపగలు చేసేది."

అలాంటిది ఎవరూ చెయ్యలేదు, అన్నాను.
అద్దం వెలుతురును పుట్టించదు.
ఉన్న కాస్తా ఒలకకుండా మోసుకొస్తుంది, అంతే.

నాలుగూ పది. వెనక తలుపు తీశాను.
మంచూ కాదు, వానా కాదు,
రెంటికీ మధ్యదేదో రాలుతోంది.
పెరడు దాటితే బీడు, బీడు చివర స్ప్రూస్ చెట్ల గోడ.
ఆ గోడ మొదట్లో పాత పాలక్యాను ఒకటి,
దాని మీద నేను సున్నంతో రాసిన అంకెలు.
ఏ అంకెలో ఎవరికీ చెప్పను.
పీపా మీద మూడు దుర్భిణులు వరసగా పెట్టి
చదవమన్నాను.

మొదటిది: "పాలల్లో ముంచి తీసినట్టుందే."
రెండోది: "గురిగీతలేవీ? సాలెపోగుల్లా ఉండేవి, కరిగిపోయాయి."
మూడోదాని గీతలు లావు, గడ్డివాముకి ఆనించిన కర్రల్లా.
"నాలుగు... ఏడు... ఆ తర్వాత తొమ్మిదో, సున్నానో."
ఎర్రచుక్క వెలిగించి బాగా తగ్గించాను.
"ఆర్పెయ్, ఆర్పెయ్,
కంట్లో నిప్పురవ్వ పడ్డట్టుంది."

ఆ మసకలోనే అతని కంటి పక్కన అట్టముక్క పట్టాను,
నల్లచుక్కలు చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా ఉన్నది.
ఐదు. ఐదు కూడా నిండుగా కాదు.
కుర్రతనంలో నీ కంటిపాప ఏడు దాకా విప్పారేది, అన్నాను.
యాభై ఆరుని ఎనిమిదితో భాగించు,
ఏడు మిల్లీమీటర్ల వెలుతురు వస్తుంది గొట్టంలోంచి.
చెంబుడు పట్టే గొంతులో బిందె ఎత్తి పోసినట్టు
మిగిలిందంతా గడ్డం మీదుగా కారిపోవడమే.
నలభై రెండుది చాలు నీకు.
బరువు తక్కువ, ధర సగం.

అమ్మేవాళ్ళు అనకూడని మాట.
మా తమ్ముడు ఉర్మస్ వింటే
షట్టరు దించుకుని పొమ్మనేవాడు.

హెల్దుర్ చాలాసేపు పలకలేదు.
చత్వారం వచ్చినప్పుడు అక్షరాలు దూరం జరిగితే
చెయ్యి చాపి సర్దుకున్నాడు.
ఇది చెయ్యి చాపితే అందేది కాదు.

తర్వాత, అడవి వైపే చూస్తూ:
"కిందటి సెప్టెంబరు. చిత్తడినేల అంచు.
వంగిన నల్లటి వీపు.
పంది ఎత్తు, పంది వెడల్పు, అదే తవ్వులాట.
సేఫ్టీ తీశాను.
అది దగ్గింది, సిల్వీ.

పాలడిపోలో చేసే ఎల్‌ఫ్రీడె. క్రాన్‌బెర్రీల బుట్టతో.
ఆమెకి ఇప్పటికీ తెలీదు.
ఆ ఆదివారం సీసాడు జామ్ పంపింది.
తినలేదు. పారెయ్యలేదు.
అలమరలో ఉప్పుడబ్బా వెనక ఉంది."

నేనేమంటాను?
నా దగ్గరున్న ఏ అద్దమూ దగ్గు వినలేదు.
నలభై రెండుదాన్ని అతని ముందుకు జరిపాను.

అంకెలు పోయాయి. క్యాను మిగిలింది.
క్యాను పోయింది, దాని తెలుపు కాసేపు మిగిలింది.
అదీ పోయాక వాచీ చూసుకుని
సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాడు: నాలుగూ నలభై ఒకటి.
"రోజుకో రెండు నిమిషాలు తగ్గించుకోవాలి," అన్నాడు,
"ఇది దాటితే మంచె దిగిపోతాను.
పందులు నవ్వుకుంటే నవ్వుకోనీ."

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
మిగిలినదానికి రబ్బరుబ్యాండు
మళ్ళీ రెండు చుట్లే వేశాడు.

అతని జీపు వెళ్ళాక పీపా మీద తడి తుడుస్తూ
బీడు వైపు చూశాను, వట్టి కళ్ళతో.
ఆ మూడో అంకె తొమ్మిదా, సున్నానా?
రాసింది నేనే. గుర్తు రావడం లేదు.
పొద్దున్నే వెళ్ళి చూడాలి,
సున్నం డబ్బా కూడా పట్టుకుని.